తిత్లీ తుపానులో తడిసిన బాస్కెట్‌బాల్ కార్డులు: అంటుకున్నవి ఎలా విడదీయాలి? 1986 జోర్డాన్ కార్డు అసలుదేనా?

పాయింట్‌గార్డ్_సిక్కోలు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. వయసు 46. స్కూల్లోనూ ఇంటర్లోనూ బాస్కెట్‌బాల్ ఆడాను, పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి నడిపించి పక్కవాళ్లకి అందించే స్థానంలో. ఏ కార్డు ఎలా పాడయిందో తెలియకపోతే మీరు సలహా చెప్పడం కష్టం కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మా మావయ్యది కవిటి మండలం. ఉద్దానంలో చాలా ఇళ్లల్లో ఎవరో ఒకరు ఆర్మీలోనో షిప్పుల్లోనో ఉంటారు. మావయ్య సరుకు ఓడల్లో పనిచేసేవారు. 1991 దసరాకి సెలవు మీద వచ్చినప్పుడు నాకు ఒక సబ్బుల అట్టపెట్టె ఇచ్చారు. తెరిస్తే సబ్బులు లేవు, అన్నీ రంగురంగుల కాగితపు ప్యాకెట్లు. "నువ్వు బంతాట ఆడతన్నావని మీ అమ్మ ఉత్తరం రాసింది. ఈళ్లంతా బంతోళ్లేనట" అన్నారు. అవి హూప్స్ అనే బ్రాండు 1990-91 బాస్కెట్‌బాల్ కార్డులు, ముందు ఆటగాడి ఫొటో, వెనక అతని ఆట లెక్కలు. ఆయన జీవితంలో ఒక్క బాస్కెట్‌బాల్ మ్యాచ్ కూడా చూడలేదు. హ్యూస్టన్ రేవు దగ్గర కొట్టులో పిల్లలు ఎగబడి కొంటుంటే చూసి కొన్నారట, అంతే.

అప్పుడు నేను ఏడో తరగతి. మా స్కూల్లో సిమెంటు కోర్టు, వల లేని ఇనుప రింగు. ఇంట్లో దూరదర్శన్ తప్ప ఏదీ రాదు. ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అని ఆ కార్డులు చదివే తెలుసుకున్నాను. జాన్ స్టాక్టన్ కార్డు వెనక 1989-90 సీజన్ లెక్క ఉంది: 78 ఆటలు, 1134 అసిస్టులు. అసిస్టు అంటే తను వెయ్యకుండా, వేసేవాడి చేతికి బంతి అందించడం అని మా పీఈటీ సార్ చెప్పారు. నేను నోటు పుస్తకంలో 1134ని 78తో భాగించాను. 14.5 వచ్చింది. ఒక్కో ఆటలో పద్నాలుగుసార్లకు పైగా పక్కవాడి చేత బుట్ట వేయించాడన్నమాట! నేను ఏ స్థానంలో ఆడాలో ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఇంకో కార్డు మగ్సీ బోగ్స్‌ది. కార్డు మీద టైరోన్ బోగ్స్ అని ఉంటుంది. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. నేను అయిదడుగుల ఒకటి. జట్టులో అందరికన్నా పొట్టిదాన్ని కాబట్టి ఆ కార్డుని రెండేళ్లు జామెట్రీ బాక్సులో పెట్టుకుని తిరిగాను. అంచులు నలుగుతున్నాయని పదో తరగతిలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. అప్పుడు అది మంచి పనే అనుకున్నాను.

మావయ్య ఆ తర్వాత కూడా తెస్తూనే ఉన్నారు. 1992-93 స్టేడియం క్లబ్, కొన్ని ఫ్లీర్, కొన్ని అప్పర్ డెక్, ఇవన్నీ కార్డుల బ్రాండ్లే. చివరగా 1998లో, జోర్డాన్ ఆరో టైటిల్ గెలిచిన ఏడాది, న్యూ ఆర్లీన్స్‌లో రోడ్డు పక్క అమ్మేవాడి దగ్గర ఒకే ఒక్క కార్డు కొన్నారు. 1986 ఫ్లీర్, మైకేల్ జోర్డాన్, వెనక 57వ నంబరు. ఇరవై డాలర్లు. అప్పట్లో ఎనిమిది వందల రూపాయల పైమాటే.

నా పెళ్లయ్యాక అమ్మావాళ్ల ఇల్లు కూల్చి కట్టారు. పెట్టెని మావయ్య పెంకుటింట్లో అటక మీద పెట్టాం. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. పెంకులు ఎగిరిపోయాయి, తోటలో కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఆ రోజుల్లో కార్డుల గురించి ఎవరు ఆలోచిస్తారు? పెట్టె సంగతి అందరం మరిచిపోయాం. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే దొరికింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. హూప్స్ కార్డులు చాలావరకు వంగాయి గానీ అంటుకోలేదు. స్టేడియం క్లబ్ కార్డులు మాత్రం దాదాపు అరవై, ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోయాయి. బలవంతంగా ఒకటి లాగితే కింద కార్డులో మనిషి ముఖం దీనికి వచ్చేసింది. అక్కడితో ఆపేశాను. ఒక కొనుగోలుదారుడు ఫోన్లో ఫొటోలు చూసి పెట్టె మొత్తానికి ఆరు వేలు ఇస్తానన్నాడు. జోర్డాన్ కార్డుతో సహా.

నాకు అమ్మాలని లేదు. మావయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. సెలవు దొరికినప్పుడల్లా తోడు వెళ్తున్నాను. నాలుగు గంటలు అలా పైకప్పు చూస్తూ పడుకుంటారు. ఈ కార్డుల్ని వరసగా ఆల్బంలో పెట్టి తీసుకెళ్లి చూపించాలని నా కోరిక.

అంటుకున్నవి ఎలా విడదీయాలి? మన ఉక్కలో, తేమలో మళ్లీ పాడవకుండా ఎలా దాచాలి? జోర్డాన్ కార్డు అసలుదో కాదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? లామినేషన్ తీయవచ్చా?

---

గంటస్తంభం | ఆదివారం రాత్రి 11:15

మేడమ్, మాది విజయనగరం. లెక్కల మాస్టారిని. ఇరవై ఏళ్లుగా కార్డులు పోగుచేస్తున్నాను. 1134ని 78తో భాగించానన్న వాక్యం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ముందు లామినేషన్ సంగతి, ఎందుకంటే మీరు బ్లేడు పట్టుకుంటారేమోనని భయంగా ఉంది. తీయకండి. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగిపోయి ఉంటుంది. ప్లాస్టిక్‌తో పాటు బొమ్మ కూడా లేచి వస్తుంది. అంచులు కూడా కత్తిరించకండి, సందులోంచి తేమ లోపలికి పోతుంది. అలాగే ఉంచి, పోస్టుకార్డు సైజు కవరులో పెట్టండి.

ఇక ఇటుక. హూప్స్ లాంటివి అట్ట కార్డులు, నీళ్లు తాగి వంగుతాయి. స్టేడియం క్లబ్ కార్డు అలాంటిది కాదు, దానికి మెరిసే పూత దట్టంగా ఉంటుంది. తేమ, వేడి, పైన బరువు మూడూ కలిస్తే ఆ పూత మెత్తబడి పక్క కార్డుకి పట్టేస్తుంది. మీ తప్పేం లేదు, అమెరికాలో ఏసీ గదుల్లో దాచిన పెట్టెల్లోనూ ఈ బాధ ఉంది. నేను చేసే పద్ధతి చెప్తాను, పూచీ మాత్రం ఇవ్వలేను. దిమ్మని జిప్ కవర్లో గాలి లేకుండా మూసి ఫ్రీజర్లో నాలుగైదు గంటలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, విప్పితే గాలిలో తేమంతా చల్లటి కార్డుల మీద చెమటలా పడుతుంది. దిమ్మ గది వేడికి వచ్చేదాకా ఆగి విప్పండి. తర్వాత దిమ్మని రెండు చేతులతో పట్టుకుని అటు కొంచెం, ఇటు కొంచెం, పేకముక్కలు వంచినంత మెల్లగా వంచండి. చిటపటమని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చిన చోట మూల నుంచి కాకుండా పొడుగు అంచు నుంచి విడదీయండి. రాకపోతే మళ్లీ ఫ్రీజర్లో పెట్టండి. గోరు పెట్టొద్దు. 22 కార్డుల దిమ్మ ఒకటి నేను ఇలా చేస్తే 15 బాగా వచ్చాయి, 7 మీద తెల్లమచ్చలు పడ్డాయి. నీళ్లలో నానబెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. ఆల్బంలో జిగురుతో అంటించిన పూర్వకాలపు పూతలేని కార్డులకి అది పనికొస్తుంది, వీటికి కాదు.

వంగిన హూప్స్ కార్డులకి తొందర వద్దు. రెండేసి తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచి మూడు వారాలు మరిచిపోండి. ఇస్త్రీపెట్టె జోలికి పోకండి.

జోర్డాన్ కార్డు గురించి మీకు బాధ కలగకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు. అది ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా దొంగముద్రణ జరిగిన కార్డుల్లో ఒకటి. టాప్స్ కంపెనీ 1981-82 తర్వాత బాస్కెట్‌బాల్ కార్డులు మానేసింది. 1986లో ఫ్లీర్ 132 కార్డుల సెట్టు తెచ్చినప్పుడు కొన్నవాళ్లు తక్కువ. తర్వాత జోర్డాన్ అంతటివాడు అయ్యేసరికి అందరికీ అదే కావాల్సి వచ్చింది. 2021 జనవరిలో పీఎస్‌ఏ 10 గ్రేడు (కార్డు ఎంత బాగుందో చూసి పదికి మార్కులు వేసే కంపెనీ పీఎస్‌ఏ) ఉన్న ఒక కార్డు వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. అలాంటప్పుడు రోడ్డు పక్క ఇరవై డాలర్లకి దొరికిందంటే అనుమానించాలి. 1998లో అసలు కార్డు కూడా ఆ ధరకి వచ్చేది కాదు.

చూసుకునే పద్ధతి ఇది. బంగారం కొట్లో రాళ్లు చూసే అద్దం ఉంటుంది, పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. కార్డు తీసుకెళ్లి దాంతో చూడండి. ఫొటో భాగం ఎలాగూ సన్నటి చుక్కలతోనే ఉంటుంది, అసలుదైనా నకిలీదైనా. ఫొటో వదిలేసి ఆటగాడి పేరు, నల్లటి గీతలు చూడండి. అసలు కార్డులో అవి నిండు సిరాతో, అంచు కోసినట్టు ఉంటాయి. నకిలీవాడు కార్డు మొత్తాన్ని ఫొటో తీసి అచ్చువేస్తాడు కాబట్టి అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. మీ దగ్గర అదే 1986 సెట్టులో వేరే కార్డు ఉంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోన్ టార్చి వేసి చూడవచ్చు, వెలుగు రెండిటిలోంచీ ఒకేలా రావాలి.

దాచడం. మనది సముద్రపు గాలి. ఆగస్టులో గోడలు కూడా చెమట పడతాయి. పెన్నీ స్లీవ్ అనే పల్చటి కవరు ప్రతి కార్డుకీ తొడగండి, విలువైనవాటికి పైన టాప్ లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు. ఆల్బం కాగితాలు కొనేటప్పుడు పీవీసీ లేనివి అని అడిగి కొనండి. స్టేషనరీ కొట్టులో దొరికే ఘాటు వాసన వేసే ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకి జిడ్డు కక్కి బొమ్మకి అంటుకుంటాయి. పెట్టెలో కలరా ఉండలు వెయ్యకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది. బియ్యం మూటలు కూడా వద్దు, పురుగు పడుతుంది. మూత గట్టిగా పడే డబ్బా, లోపల సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. మీటరు 45-50 శాతం మధ్య చూపిస్తే నిశ్చింతగా ఉండండి. జెల్ రంగు మారినప్పుడు వంటకి వాడని పాత పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. అటక వద్దు, నేల మీద వద్దు, బయటి గోడకి ఆనుకున్న బీరువా వద్దు.

ఇంకొక్క మాట. మీ హూప్స్ కార్డుల్లో 223వ నంబరు, ఓర్లాండో ఆటగాడు శామ్ విన్సెంట్‌ది ఉందేమో వెతకండి. ఉంటే విన్సెంట్‌ని వదిలేసి పక్కనున్న మనిషిని చూడండి. ఏం కనిపించిందో చెప్పండి, కథ అప్పుడు చెప్తాను.

---

బొబ్బిలి_బైండర్ | సోమవారం ఉదయం 7:05

మాస్టారు చెప్పినవన్నీ నిజమే. నేను మాత్రం వేరే మాట చెప్తాను, మేడమ్ కోపగించుకోవద్దు.

1990 ప్రాంతంలో కంపెనీలు కార్డుల్ని లెక్కలేకుండా అచ్చేశాయి. అందరూ దాచుకున్నారు, అందరి దగ్గరా ఉన్నాయి. అందుకే ముప్ఫై అయిదేళ్లు గడిచినా హూప్స్ కార్డుల్లో చాలావాటికి ధర లేదు. జోర్డాన్ మామూలు హూప్స్ కార్డు కూడా గ్రేడింగ్ లేకుండా కొద్ది డాలర్లే. తడిసినవాటికి అదీ రాదు. గ్రేడింగ్‌కి పంపడం అసలు దండగ, పోనూ రానూ ఖర్చే కార్డు ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. జోర్డాన్ కార్డు నకిలీది అని తేలితే ఆరు వేలు మంచి బేరం. ఆ డబ్బు మీ మావయ్య మందులకి పనికొస్తుంది. నేను 2020లో ఇలాగే మమకారంతో ఒక పెట్టె ఉంచుకున్నాను. తర్వాత నాకు అవసరం పడ్డప్పుడు కొనేవాడు దొరకలేదు.

అమ్మకపోయినా పరవాలేదు. కానీ నకిలీ అని తెలిశాక దాన్ని అసలుది అని చెప్పి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మన దగ్గర కార్డులు కొనేవాళ్లే తక్కువ. ఒకడు మోసపోతే పదిమంది మానేస్తారు.

---

కొత్తప్యాక్ | సోమవారం మధ్యాహ్నం 1:30

అక్కా, నాది రాజాం, ఉద్యోగం బెంగళూరులో. నేను కొత్త కార్డులే కొంటాను కాబట్టి పాతవాటి గురించి చెప్పే అనుభవం లేదు. 2009 నుంచి ఎన్‌బీఏ కార్డులు వేసే హక్కు పానినీ కంపెనీ దగ్గర ఉండేది, 2025-26 సీజన్‌తో టాప్స్ మళ్లీ వచ్చింది. ఇప్పటి కార్డులకి రేకులాంటి మెరుపు పొర ఉంటుంది. తేమ మారితే కాగితం ఒకలా, పొర ఒకలా సాగి కార్డు గిన్నెలా వంగుతుంది. రాజాంలో అమ్మ దగ్గర పెట్టిన పానినీ ప్రిజమ్ కార్డులన్నీ అలా అయ్యాయి, బెంగళూరులో పెట్టినవి బాగున్నాయి. మాస్టారు చెప్పిన తేమ మీటరు తప్పకుండా కొనండి, పెద్ద ఖరీదేం కాదు.

మీరు హూప్స్ సెట్టు పూర్తిచేయాలనుకుంటే ఒక దారి ఉంది. ఒక్కో కార్డు అమెరికా నుంచి తెప్పిస్తే కార్డు కన్నా పోస్టేజీ ఎక్కువ, పైన కస్టమ్స్. అక్కడ కొన్నవాటిని తమ దగ్గరే దాచి అన్నీ కలిపి ఒక్కసారి పంపే సైట్లు ఉన్నాయి. ఆరు నెలలకోసారి నలుగురం కలిసి తెప్పించుకుంటాం, ఖర్చు పంచుకుంటాం. మీ బోగ్స్ కార్డు ఇంకోటి నేను అందులో వేసేస్తాను, దాని ధర మీరు ఇవ్వక్కర్లేదు. లామినేషన్ చేసినది మాత్రం మొదటి పేజీలో పెట్టండి అక్కా.

బైండర్ అన్న చెప్పిన ధరల మాట నిజం. కానీ అక్క ధర అడగలేదు కదా.

---

పాయింట్‌గార్డ్_సిక్కోలు | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 10:20

అందరికీ ధన్యవాదాలు. ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం, మాస్టారు చెప్పినట్టు మూడు వారాలు పుస్తకాల కింద కార్డుల్ని మరిచిపోవడమే. మరిచిపోలేదు గానీ తియ్యలేదు.

ముందు ఇటుక. మొత్తం 58 కార్డులు. ఫ్రీజర్లో చేపల కవర్ల పక్కన పెడితే ఇంట్లో అందరూ ఏమిటిది అన్నారు. మొదటిసారి తొందరపడి మూడు గంటలకే తీశాను, ఏమీ కదల్లేదు. రెండోసారి రాత్రంతా ఉంచాను. పొద్దున్న వంచితే మాస్టారు రాసిన ఆ చిటపట వినిపించింది. నాలుగు రాత్రులు పట్టింది. 41 శుభ్రంగా వచ్చాయి. 12 మీద తెల్లమచ్చలు ఉన్నాయి. మిగతా అయిదింటికి ముఖాలు పోయాయి, మొదట్లో నేను చేత్తో లాగింది అందులో ఒకటి. 1992-93 అంటే గొప్ప ఆటగాడు షాకిల్ ఓనీల్ మొదటి సీజన్ కదా, ఆయన ఉంటాడేమోనని ప్రతి కార్డుకీ గుండె కొట్టుకుంది. అన్ని నంబర్లూ 200 లోపే. ఇంటర్నెట్‌లో చూస్తే ఓనీల్ కార్డు రెండో సిరీస్‌లో, 247వ నంబరు. మావయ్య తెచ్చినవన్నీ మొదటి సిరీస్ ప్యాకెట్లు.

జోర్డాన్ కార్డు పట్టుకుని బంగారం కొట్టుకి వెళ్లాను. అమ్మ గాజులు చేయించిన కొట్టే. ఆయన కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అద్దం నాకిచ్చి "మీరే చూడండమ్మా" అన్నారు. పేరులో ఒక్కో అక్షరం సన్నటి రంగు చుక్కలుగా విడిపోయింది. పక్కన పెట్టి చూద్దామని హూప్స్ కార్డొకటి తీసుకెళ్లాను. దాని మీద అక్షరం నల్లగా, నిండుగా, గీత గీసినట్టు ఉంది. ఇంక అనుమానం లేదు. నకిలీదే.

మావయ్యకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే ఆయన ఎవరికో ఒకరికి అసలు కార్డని చెప్తారు. బైండర్ గారి మాట గుర్తొచ్చి, సోమవారం డయాలసిస్ మొదలయ్యాక చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఇరవై డాలర్లు దేనికి దాచినవో చెప్పారు. ఇంటికి ఫోన్ చెయ్యడానికి. ఆ రేవులో రెండు రోజులే ఆగారట. కార్డు కొన్నాక ఫోన్‌కి డబ్బు మిగల్లేదు. నెల రోజులు ఆయన గొంతు వినక అత్తయ్య ఇక్కడ నిద్రపోలేదు. ఎందుకు ఫోన్ చెయ్యలేదో అత్తయ్యకి ఇప్పటికీ తెలియదు. "గుంటకి ఆ బొమ్మంటే పేనం కదా అని" అన్నారు. ఆ కార్డు వెనక కవరు మీద నకిలీ అని నా చేత్తో రాశాను. ఆల్బంలో ఉంటుంది. ఆ కొనుగోలుదారుడికి అమ్మనని చెప్పేశాను.

హూప్స్ సెట్టు మొత్తం 440 అని తెలుసుకున్నాను. నా దగ్గర రకరకాలవి 411 ఉన్నాయి. మిగతావి డబుల్స్. తొమ్మిదేసి కార్డులు పట్టే కాగితాల్లో నంబరు వరసన పెట్టాను. ఖాళీ గళ్లలో నంబరు రాసిన తెల్లకాగితం ముక్కలు పెట్టాను.

మాస్టారూ, 223 ఉంది! శామ్ విన్సెంట్ పక్కన ఉన్నది జోర్డాన్ కదా? కానీ చొక్కా మీద 23 లేదు, 12 ఉంది. చిన్నప్పుడు నేను వందసార్లు చూసిన కార్డు. నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఆ కథ చెప్పండి. మావయ్యకి చెప్పాలి.

---

గంటస్తంభం | శనివారం రాత్రి 10:55

జోర్డానే మేడమ్. 1990 ఫిబ్రవరి 14న ఓర్లాండోలో ఆట. ఆట మొదలయ్యే ముందు డ్రెస్సింగ్ రూమ్‌లోంచి ఆయన 23 నంబరు జెర్సీ ఎవరో దొంగిలించారు. అదనపు జెర్సీ లేదు. పేరు లేని 12 నంబరు చొక్కా ఉంటే అది తొడుక్కుని ఆడాడు. 49 పాయింట్లు వేశాడు, అయినా ఆయన జట్టు షికాగో ఓడిపోయింది. ఆ ఆటలో తీసిన ఫొటో విన్సెంట్ కార్డు మీదికి వచ్చింది. తర్వాత అదే 223వ నంబరుతో ఫొటో మార్చి ఇంకో కార్డు వేశారు, అందులో జోర్డాన్ ఉండడు. మీకున్నది మొదటి రకం. డబ్బు పరంగా గొప్పది కాదు. నా దగ్గర ఉన్నవాటిలో మాత్రం నేను ఎక్కువసార్లు తీసి చూసుకునేది అదే.

మీకు లేని 29 నంబర్లు రాయండి. నా దగ్గర హూప్స్ డబుల్స్ రెండు డబ్బాల నిండా ఉన్నాయి.

---

పాయింట్‌గార్డ్_సిక్కోలు | సోమవారం సాయంత్రం 6:10

మాస్టారూ, నంబర్లు మీకు విడిగా మెసేజ్ పెట్టాను. అందులో 23 మీ దగ్గర ఉన్నాయన్నారు, చాలా సంతోషం. మిగతా ఆరు రాజాం తమ్ముడు తన తర్వాతి పార్సిల్లో వేస్తానన్నాడు.

ఈ రోజు పలాసలో చొక్కా దొంగతనం కథ చెప్పాను. మావయ్య ఆల్బంని పొట్ట మీద పెట్టుకుని, ట్యూబులు లేని చేత్తో పేజీలు తిప్పారు. "49 ఏశాడా, అడిగి తెచ్చుకున్న సొక్కాతో!" అని పక్క మంచం ఆయనకి పిలిచి చూపించారు. ఆ పక్క మంచం ఆయన కూడా షిప్పుల్లో చేసినవారే, ఇచ్ఛాపురం. ఇద్దరూ ఏ రేవులో ఏ కొట్టు ఉండేదో మాట్లాడుకుంటూ ఉంటే నాలుగు గంటలు అయిపోయినట్టు నర్సు వచ్చి చెప్తే గానీ తెలియలేదు. ఖాళీ గళ్లు చూసి "ఇయ్యేటి, ఊడిపోయాయా?" అన్నారు. ఇంకా రాలేదు, విజయనగరం నుంచి వస్తాయి అన్నాను.

ఆదివారం విశాఖ వైపు వెళ్లే బండిలో విజయనగరం వస్తాను, స్టేషన్‌లోనే కలుద్దాం. కార్డులకి డబ్బు తీసుకోనన్నారని మావయ్యతో చెప్పాను. ఒప్పుకోలేదు. మా తోటలో జీడిపప్పు రెండు కిలోలు, మీరు లెక్కల మాస్టారని చెప్పానేమో, తూకం వేయించి మరీ కట్టించారు. అది తీసుకోకపోతే కార్డులు తేవద్దని నాకు ఆర్డరు.